ముంజేతి మీద అడ్రసు

పచ్చబొట్టు మానిన మర్నాడే నేను బోటు ఎక్కాలి. అందుకని దాన్ని మాననివ్వకుండా చూసుకోవడం ఉద్యోగంగా పెట్టుకున్నాను. భావనపాడులో అప్పటికి నాకున్న ఉద్యోగం అదొక్కటే. చాలా శ్రద్ధగా చేశాను. ఇంటర్లో ఆ శ్రద్ధలో పావలా వంతు చూపించి ఉంటే ఈపాటికి కలెక్టరునై ఉండేవాణ్ణని మా అమ్మ తర్వాత అంది.

మా అయ్య గుజరాత్‌లో వెరావల్ రేవులో పెద్ద బోట్ల మీద పనిచేస్తాడు. మా ఊరి మగాళ్ళలో సగం మంది అక్కడే ఉంటారు. మిగతా సగం రైలు టిక్కెట్టు దొరక్క ఇక్కడ ఉంటారు. ఆ ఏడాది మా ఎర్రన్న మావ బోటులో పనిచేసే కుర్రాడికి టిక్కెట్టు దొరికింది. మావ అంటే మా అమ్మకి స్వయానా అన్న. బోటులో మనిషి తగ్గాడు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న మేనల్లుడు కళ్ళెదురుగా కనిపించాడు.

"ఎల్లాజీగాడు ఉన్నాడు కదేటి," అన్నాడు మావ. అంతే. నన్ను ఎవరూ అడగలేదు.

అయితే మా ఇంట్లో ఒక చట్టం ఉంది. దాన్ని చేసింది మా నానమ్మ అసిరమ్మ. మా చిన్నాన్న నేను పుట్టకముందే గాలివానలో పోయాడు. ఆయన శరీరం ఒడిశా ఒడ్డుకి కొట్టుకుపోయింది. ఎవరో ఏమిటో తెలియక అక్కడివాళ్ళు ఇసకలో పూడ్చేశారు. మనవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఎక్కడ పూడ్చారో చూపించేవాళ్ళు కూడా లేరు. ఆ రోజునుంచి ఒంటి మీద పేరూ ఊరూ లేకుండా మా ఇంటి మగాడు బోటు ఎక్కకూడదు. మా అయ్యకి తీర్థంలో పచ్చబొట్లు పొడిచే ఆవిడ పొడిచింది. నా కాలానికి మిషన్లు వచ్చాయి కాబట్టి నన్ను శ్రీకాకుళం తీసుకెళ్ళారు. అమ్మా, నానమ్మా చెరోపక్క కూర్చున్నారు, బస్సులోంచి దూకేస్తానేమోనని.

టాటూ షాపులో పృథ్వీరాజ్ అని ఒకడున్నాడు. చెవికి పోగు, మెడ మీద తేలు. నా చెయ్యి చూసి ఉత్సాహపడ్డాడు.

"ఏటి వేద్దాం బ్రదర్? సింహమా, త్రిశూలమా?"

"పేరు," అంది నానమ్మ. "ఆల్లయ్య పేరు. ఊరు. మండలం. జిల్లా."

పృథ్వీరాజ్ మిషను కింద పెట్టేశాడు. "మామ్మా, అది టాటూ కాదు. కొరియర్ కవరు."

"కొరియరే బాబూ. పోతే తిరిగి ఇంటికి రావాల."

షాపులో పాట ఆగిపోయినట్టనిపించింది. నిజానికి పాట ఏమీ పెట్టలేదు.

అమ్మ ఫోన్ నంబరు కూడా వేయించమంది. అప్పుడు ఊళ్ళో అందరూ కొత్తగా జియో సిమ్ములు కొని, నెలకో నంబరు మారుస్తున్నారు. "రీచార్జి సెయ్యకపోతే నీ నంబరు ఇంకోడికి ఇచ్చేస్తారే అమ్మా. ఆడికి ఫోన్ సేసి, మీ గుంటడు దొరికినాడు అంటే ఆడేటి సేస్తాడు?" అన్నాను. ఆవిడ ఆలోచించి, నా వీపు మీద ఒకటి ఇచ్చి, నంబరు వద్దంది. నానమ్మ ఆధార్ నంబరు వేయిద్దామంది. చెయ్యి చాలదన్నాడు పృథ్వీరాజ్.

చివర్లో అతను ఒక మాట అడిగాడు. "అక్షరాలు బ్రదర్ వైపు తిప్పి వెయ్యమంటారా, ఎదుటోల్ల వైపా?"

"ఈడి పేరు ఈడికి తెలుసు కదా," అంది నానమ్మ. "దొరికినోల్లకి తెలియాల."

అలా వేశారు. ఎవరైనా నా ఎదురుగా నిలబడి చదివితే చక్కగా కనిపిస్తుంది. నేను చూసుకుంటే తలకిందులుగా ఉంటుంది. అది నాకోసం రాసింది కాదు. నేను అప్పటికి చదవలేని స్థితిలో ఉంటాను కాబట్టి నన్ను లెక్కలోకి తీసుకోలేదు. మిషను కదులుతున్నంతసేపూ నొప్పి తెలియలేదు. కింద చల్లగా తడి ఇసక తగులుతున్నట్టు, నా మీదకి ఎవరో ఒంగి ఒడియాలో కూడబలుక్కుంటున్నట్టు అనిపించింది.

పని అయ్యాక పృథ్వీరాజ్ జాగ్రత్తలు చెప్పాడు. సబ్బుతో మెల్లగా కడగాలి. మెత్తని గుడ్డతో అద్దాలి. ఆయింట్‌మెంటు పల్చగా రాయాలి. పొక్కు కడితే గిల్లకూడదు, దురద పెడితే గోకకూడదు. ఎండ తగలకూడదు.

"ఉప్పునీళ్ళు అసలే తగలకూడదు. పూర్తిగా మానేదాకా సముద్రం జోలికి పోవద్దు."

ఆ మాటకి నేను అతని కాళ్ళకి దండం పెట్టబోయి, మెడ మీద తేలుకి కూడా పెట్టాల్సొస్తుందని మానుకున్నాను.

సముద్రమంటే నాకు భయం. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు మావ ఒకసారి నానమ్మకి తెలియకుండా సరదాకి నన్ను బోటు ఎక్కించాడు. ఒడ్డు కెరటాలు దాటేటప్పుడు బోటు గోడకి వేసిన నిచ్చెనలా నిలబడింది. మావ ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. తర్వాత ఆకాశం ఉండాల్సిన చోట నీళ్ళు కనిపించాయి. ఆ రోజునుంచి బకెట్లో నీళ్ళు ఊగినా నా కడుపులో పేగులు కూడా ఊగుతాయి.

కానీ ఊళ్ళో నా పేరు వేరు. ఒడియా మాట్లాడే తిమింగలం ఒడ్డుకి వచ్చిందని చెప్పి సగం ఊరిని పరిగెత్తించినవాణ్ణి నేను. మిగతా సగానికి ఒడియా రాదు కాబట్టి వెళ్ళలేదు. పొద్దున్న టీ తాగేలోగా ఈదుకుంటూ వెళ్ళి కనుచూపు చివర ముట్టుకుని వస్తానని చెప్పుకునేవాణ్ణి. అలాంటివాడు వెళ్ళి, మావా నాకు భయమేస్తోంది అని ఎలా చెప్తాడు? పచ్చబొట్టు ఒక్కటే దిక్కయింది.

ఇంటికి రాగానే నాకు పథ్యం మొదలైంది. చేప తింటే పుండు చీము పడుతుందట. వంకాయ తింటే దురదట. గుమ్మడికాయ పేరెత్తితేనే వాపట. చేపలు పట్టి, చేపలు అమ్మి, చేపల కలలు కనే ఇంట్లో నాకొక్కడికే బీరకాయ. వీధిలో పిల్లులు కూడా నాకంటే బాగా తిన్నాయి. అమ్మ రోజూ పొద్దున్న పలాస వైపు జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి పనికి వెళ్ళేముందు నా చెయ్యి కడిగి, మందు రాసి, పాత చీర ముక్క కప్పేది. పుట్టిన పిల్లని కూడా అంత జాగ్రత్తగా చూడరు.

ఆవిడ అటు వెళ్ళగానే నేను డ్యూటీ ఎక్కేవాణ్ణి. ఎండ తగలకూడదన్నాడు కాబట్టి నౌపడ ఉప్పు మళ్ళ దాకా సైకిల్ తొక్కి చెయ్యి ఎండబెట్టేవాణ్ణి. చేప తినకూడదన్నారు కాబట్టి వాకిట్లో ఆరబోసిన ఎండు రొయ్యలు దొంగతనంగా బుక్కేవాణ్ణి. పొక్కు గిల్లకూడదన్నాడు కాబట్టి చీపురుపుల్లతో గిల్లేవాణ్ణి. నా పేరులో మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి జిల్లా దాకా. గిల్లుతుంటే ప్రాణం పోయేది. కానీ వీధి చివర కెరటం విరిగిన చప్పుడు వినగానే మళ్ళీ పుల్ల తీసేవాణ్ణి.

సాయంత్రం మావ వచ్చి తనిఖీ చేసేవాడు. వెనకాల ఆయన కూతురు గౌరి. నాకు మరదలు. నా అబద్ధాలు దానికి వాసనకే తెలిసిపోతాయి.

"ఏరా, ఎండిందేటి?" అనేవాడు మావ.

"ఎండతన్నాది మావా. నాకే ఆత్రంగా ఉన్నాది."

"ఆత్రం మొకం మీద కనపడతన్నాది," అనేది గౌరి. "బావా, నీ పళ్ళలో రొయ్య మీసం ఉన్నాది."

మావ ఆగలేక మా వీధి జగన్నాధం తాతని బోటు ఎక్కించుకున్నాడు. తాతకి రెండు కళ్ళకీ పొర. మోకాళ్ళు వంగవు. బోటులో కూర్చోబెట్టాలంటే పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టాలి. ఆయన మా ఇంటి ముందునుంచి వెళ్తూ నన్ను చూసి, అంటే నేనున్నానని తనకి అనిపించిన వైపు చూసి, "నీ పుణ్యాన మల్లీ పెల్లికొడుకునైపోనాన్రా," అనేవాడు. ఆయన ఎదురుగా పందిరి గుంజ ఉండేది.

అప్పుడు చెయ్యి వాచింది. మొదట సంతోషించాను. తర్వాత ఎర్రబడింది. ఇంకా సంతోషించాను. తర్వాత అక్షరాల్లోంచి చీము కారింది, ఒళ్ళు కాలింది, చంకలో గడ్డ కట్టింది. సంతోషం ఆగిపోయింది. అమ్మ ఆటో కట్టించి టెక్కలి తీసుకెళ్ళింది.

డాక్టరు గారు కళ్ళజోడు పైకి తోసి చూశారు. "ఎవరు గోకారు దీన్ని?"

"దోమలండి."

"దోమలకి గోళ్ళుంటాయా?"

"మా ఊరి దోమలకి ఉంటాయండి."

ఆయన నవ్వలేదు. నాకు నవ్వని మనుషులంటే భయం. "చీము రక్తంలోకి పోతే ఏమవుతుందో తెలుసా? ముందు చెయ్యి. తర్వాత మనిషి. ఇంకా నాలుగు రోజులు ఆలస్యం చేసుంటే నా దగ్గరకి కాదు, విశాఖపట్నం పరిగెత్తాల్సి వచ్చేది." ఇంత చెప్పి, పొలానికి నీళ్ళు పెట్టే గొట్టమంత సూది తీశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వణుకుతూ కూర్చున్నాను. సముద్రంలో పోతానని భయపడి, బీరకాయ తింటూ ఒడ్డునే పోయేలా ఉన్నాను. నా అడ్రసు నా చేతి మీదే ఉంది కాబట్టి ఆటోవాడు ఎవరినీ అడక్కుండా తిన్నగా ఇంటికి తెచ్చి దింపేస్తాడు. అమ్మ నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా దాని మీద ఊదుతూనే ఉంది.

మర్నాటినుంచి నేను మంచివాణ్ణయిపోయాను. మాత్రలు వేళకి మింగాను. చీపురుపుల్లని పొయ్యిలో పెట్టాను. రొయ్యలకేసి చూడలేదు. దురద పెడితే పళ్ళు కొరుక్కున్నాను. చెయ్యి పోవడం కన్నా బోటు ఎక్కడం నయమని నాకు నేనే చెప్పుకున్నాను. పగలు నమ్మకం కుదిరేది. కెరటాల చప్పుడు వినపడితే పోయేది. చీము ఆగింది. పొక్కు రాలింది. కింద కొత్త చర్మం ఉల్లిపొరలా మెరిసింది. అడ్రసు చక్కగా తేలింది. చివరి అక్షరం దాకా చదవొచ్చు.

మావ చూసి వేలితో నొక్కాడు. "శుభ్రంగా ఉన్నాది. సోమారం ఎల్దాం."

అమ్మ వంటింట్లోంచి "అలగే" అంది. గొంతు వేరేవాళ్ళదిలా ఉంది.

నేను నవ్వాను. నా మొహాన్ని ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు వచ్చింది ఆ నవ్వు.

శుక్రవారం పొద్దున్న లేచేసరికి చేతి మీద బొబ్బలు. నేను గోకలేదు. గిల్లలేదు. ఎండలోకి వెళ్ళలేదు. అన్ని జాగ్రత్తలూ పడ్డ చెయ్యి మీద, సరిగ్గా నా పేరు ఉన్నంతమేరా, వేడి నూనె చిందినట్టు నీటిబొబ్బలు. చుట్టూ చర్మం నల్లగా కమిలి ఉంది. పక్కన ఊరి పేరు మీద ఒక్కటి కూడా లేదు.

ఇదివరకటి పుండుకి కారణం నాకు తెలుసు కాబట్టి అంత భయం వెయ్యలేదు. దీనికి కారణం లేదు. నేను మంచం మీద కూర్చుని చేతిని ఒంటికి దూరంగా, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

నానమ్మ వచ్చి చూసింది. ఆవిడ చదువుకోలేదు గానీ చదువుతున్నట్టే చూసింది.

"గంగమ్మ తల్లి సదివేసిందిరా," అంది.

"ఏటి?"

"నీ పేరు. రాసి పెట్టినాం కదా. సదువుకున్నాది. రమ్మంతన్నాది."

"నానమ్మా, ఆవిడకి తెలుగు వస్తాదేటి?" అన్నాను. హాస్యానికే అన్నాను. నా పళ్ళు టకటకమని కొట్టుకోవడం వల్ల అది హాస్యంలా వినపడలేదు.

"ఒడియా కూడా వస్తాది," అంది నానమ్మ.

ఆ పూటే నన్ను ఒడ్డుకి లాక్కెళ్ళింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. తోడుకి గౌరి. నీళ్ళు పాదాలకి తగిలే చోట నన్ను నిలబెట్టి, నానమ్మ కొబ్బరికాయ కొట్టి సముద్రంతో మాట్లాడింది. పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తల్లీ, ఈడి పేరు సదివేవు. సదివితే సదివేవు. మర్సిపో. ఒకడిని ఇచ్చినాను కదా, నీకు అదే సాల. ఈడు ఉత్త ఎదవ, ఈడితో నీకేటి పని?"

నన్ను అంతకన్నా బాగా ఎవరూ సిఫార్సు చెయ్యలేదు. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ముంచబోయింది. పృథ్వీరాజ్ ఉప్పునీళ్ళు వద్దన్నాడే అని అరిచాను. "ఉప్పునీల్లకి మానని పుండు ఉంటాదేటి? మనం ఏ దెబ్బ తగిలినా ఇందులో కడుక్కోలేదేటి?" అంది. ఇంతలో కెరటం వచ్చింది. అది మోకాలెత్తు కూడా లేదని తర్వాత గౌరి చెప్పింది. నేను చూసినప్పుడు మాత్రం దానికి మేడ ఉంది, మేడ మీద ఇంకో గది కడుతున్నారు. బొబ్బల మీద ఉప్పు పడగానే నేను పెట్టిన కేకకి చేపలన్నీ కళింగపట్నం వైపు వెళ్ళిపోయి ఉంటాయి. నానమ్మ చెయ్యి విడిపించుకుని పరిగెత్తాను. వెనక్కి చూడలేదు. సరుగుడు తోట దాటాక ఆగితే, నాకు తెలియకుండానే ఏడుస్తున్నాను.

గౌరి నడుచుకుంటూ వచ్చింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా పక్కన కూర్చుంది.

"బావా, నీకు నీల్లంటే బయ్యమా?"

"లేదు. ఉప్పు మండింది."

"ఉప్పు పడకముందే లగెత్తినావు."

గౌరి నన్ను ఇంటికి తీసుకొచ్చి, చెయ్యి మంచినీళ్ళతో కడిగి, గూట్లో ఉన్న చిన్న సీసాలో నూనె వేలితో తీసి మెల్లగా అద్దింది. చర్మం ఎండకుండా రాత్రిపూట అమ్మ రాసే కొబ్బరినూనె అది.

శనివారం పొద్దున్నే గౌరి మా ఇంట్లోకి గాలివానలా వచ్చింది. "నూనె సీసా ఏదీ?" అంటూ చూపుడువేలు నా మొహం మీద పెట్టింది. వేలి చివర బొబ్బ. చుట్టూ నల్లగా కమిలింది. నా చేతి మీద ఉన్నట్టే.

గంగమ్మ దీని పేరెప్పుడు చదివిందా అనుకున్నాను.

గౌరి సీసా మూత తీసి వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. కొబ్బరినూనె కింద ఇంకో ఘాటు వాసన. మా వైపు పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన వాసన. పచ్చి జీడిపిక్క కొరికి మూతి కాల్చుకోనివాడు మా జిల్లాలో లేడు.

"జీడి," అంది గౌరి. "పిక్కల తొక్కలోంచి కారే జీడి. ఇందులో కలిపినారు."

ఇద్దరం నానమ్మ వైపు చూశాం. నానమ్మ గుమ్మంలో కూర్చుని పొగచుట్ట అంటించుకుంటోంది.

"నన్ను సూస్తారేటి? నాకు జీడి ఎక్కడిది?" అంది. అని, ఆగిపోయింది. చుట్ట అంటకుండానే అగ్గిపుల్ల ఆరిపోయింది.

ఇంట్లో జీడి పని చేసేది ఒక్కరే.

అమ్మ మధ్యాహ్నం షెడ్డునుంచి వచ్చింది. గుమ్మంలో ముగ్గురం వరసగా కూర్చుని ఉన్నాం, మధ్యలో సీసా. క్యారేజీ కింద పెట్టి, మా మొహాలు చూసి, సీసా చూసింది. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ జీడి మరకలు పోవు. రోజూ చూసే వేళ్ళే.

"సీసా నాదే," అంది.

మా ఎదురుగా చతికిలబడింది.

"ఒక్క సుక్కే కలిపి, పేరు మీదే అద్దినాను. సోమారం దాటితే సాలు అనుకున్నాను."

"సోమారం తర్వాత మంగళారం వస్తాది కదే అమ్మా."

"మంగళారానికి ఇంకో సుక్క."

చాలా మామూలుగా చెప్పింది, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. చెప్పాక చేతులు రెండూ చీర కొంగులో చుట్టుకుంది.

"ముందరి పుండు నాదే అమ్మా," అన్నాను. "నానే గోకినాను."

"తెల్సు. రొయ్యల్లో నీ సెయ్యి నాను సూడలేదేటి? సీపురుపుల్లలు రోజుకోటి తగ్గిపోతంటే నాకు కనపడవేటి?"

"మరి కొట్టలేదేటి?"

"కొడితే గోకడం ఆపేస్తావని."

అప్పుడు నాకు అర్థమైంది. టెక్కలి ఆటోలో ఆవిడ దారి పొడుగునా ఎందుకు ఊదిందో. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో భయపడుతున్నది నేనొక్కణ్ణే అనుకుని, నా భయాన్ని ఆవిడ దగ్గర కూడా దాచాను. ఆవిడ భయం నా భయం కన్నా పెద్దది. నాది నా ఒక్కడి గురించే.

"ఆల్లయ్య అక్కడెక్కడో ఉన్నాడు," అంది అమ్మ, గౌరితో చెప్తున్నట్టు. "ఫోన్ మోగితే నాకు కాళ్ళు ఆడవు. మోగకపోయినా ఆడవు. ఈడిని కూడా పంపి నాను ఎలగుండాల?"

సాయంత్రం తనిఖీకి మావ వచ్చాడు. ఆయన భుజం పట్టుకుని జగన్నాధం తాత. నేను లేచి నిలబడ్డాను. ఇంత భయం నాకు కెరటం ముందు కూడా వెయ్యలేదు.

"మావా, నాను రాను. సముద్రమంటే నాకు బయ్యం. సిన్నప్పటినుండీ బయ్యం."

మావ నా మొహంలోకి చూశాడు. తర్వాత తాత మొహంలోకి చూశాడు. ఇద్దరూ ఒకేసారి పగలబడి నవ్వారు. అరుగు మీద కూర్చున్న పక్కింటివాళ్ళు కూడా నవ్వారు. "ఈడికి బయ్యమంట! తిమింగలంతో ఒడియా మాటాడినోడికి!" అని తాత పొట్ట పట్టుకున్నాడు. దగ్గొచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు.

"నిజం మావా."

"ఊరుకోరా, సంపేస్తన్నావు," అన్నాడు మావ నవ్వు ఆపుకోలేక. "సోమారం తెల్లారి నాలుగ్గంటలకి రా."

నేను ఒట్టేశాను. ఇంకా నవ్వారు. ఏడుపు గొంతుతో చెప్పాను. బాగా చేస్తున్నాడని మెచ్చుకున్నారు. నిజం చెప్తుంటే నీళ్ళలో మునుగుతున్నట్టే ఉంది, ఎంత అరిచినా ఎవరికీ వినపడదు.

అమ్మ లోపలినుంచి వచ్చింది. రెండు చేతులూ చాపి మావ ముందు పెట్టింది. ఒక చేతిలో సీసా.

"అన్నా, ఆడి సేతి మీద బొబ్బలు జీడివి. నానే పూసినాను."

నవ్వులు ఆగిపోయాయి. మావ సీసా అందుకుని వాసన చూశాడు. నా చెయ్యి పట్టుకుని చూశాడు. ఆయన మొహం నల్లబడింది.

"కన్నకొడుకు సెయ్యి కాల్సినావటే?"

"కాలితే మానుతాది."

"నాను తీసుకెల్తే పోతాడేటి? ఇన్నేల్లనుండీ ఎల్తన్నాను, నాను పోనానా?"

"నువ్వు రోజూ పోతన్నావు అన్నా," అంది అమ్మ. "సాయంత్రం కనపడ్డాకే నాకు నువ్వు ఉన్నట్టు."

గౌరి నేల చూస్తూ నిలబడింది. మావ కూతురి వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"నిజంగా బయ్యమేటిరా?"

తలూపాను.

"మరి బోటులో నాకెవులురా?"

జగన్నాధం తాత చెప్పాడు. "నానున్నాను కదా."

"నీకు కళ్ళు కనపడవు కదేటి," అన్నాడు మావ.

"సేపలకి నాను కనపడతాను. సాలు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు బోటులో పని లేదని, ఒడ్డున బోటు తోయడం, లాగడం, ఐసు మొయ్యడం, చేపల గంపలు వేలానికి చేర్చడం నా పని అని మావ తేల్చాడు. ఇంకో మనిషి దొరికేదాకా తాతే వస్తాడు. వెళ్తూ వెళ్తూ సీసాని వీధి కాలవలో పారబోశాడు.

సోమవారం తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్ళాను. చెయ్యికి శుభ్రమైన గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టింది అమ్మ. తాతని మావా నేనూ ఎత్తి బోటులో కూర్చోబెట్టాం. ఎండుచేప కన్నా తేలిగ్గా ఉన్నాడు. నేను కూర్చోవాల్సిన చెక్క మీదే కూర్చోబెట్టాం. భుజంతో బోటు తోశాను. నీళ్ళు మోకాలు దాటగానే నా కాళ్ళు వాటంతట అవే వెనక్కి వచ్చేశాయి.

ఇంజను పట్టుకుంది. మొదటి కెరటం దగ్గర బోటు నిచ్చెనలా నిలబడింది. తాత తల కనిపించింది. తర్వాత కనిపించలేదు. నేనే ఆ చెక్క మీద ఉన్నట్టు పక్కకి ఒరిగి, పట్టుకోవడానికి అంచు వెతుక్కున్నాను. ఒడ్డున ఉంటే ఈ భయం ఉండదనుకున్నాను. పొడి ఇసక మీద, ఏ కెరటమూ అందని చోట నిలబడి చెమటలు కక్కుతున్నాను.

బోటు మళ్ళీ తేలింది. దూరమైంది. అవతల ఇంకా పది పదిహేను బోట్లు చుక్కల్లా ఉన్నాయి. అమ్మ పక్కన నిలబడింది. ఆవిడ పక్కన గౌరి, బొబ్బ వేలికి గుడ్డ చుట్టుకుని.

"ఇప్పుడేటి సెయ్యాల?" అనడిగాను.

"ఏటీ లేదు," అంది గౌరి. "సూస్తా ఉండాల."

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

"మనది ఏదే అమ్మా?"

అమ్మ ఒక చుక్క చూపించింది. గౌరి కాదంది, ఇంకో చుక్క చూపించింది. నేను రెండింటినీ మార్చి మార్చి చూశాను. నాకు రెండూ మునుగుతున్నట్టే కనిపించాయి.